చుక్క వంకర

ట్రేలో మిగిలిన ఆఖరి తలకు కూడా ఎర్ర చీటీ అంటించాక డేగమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. పొద్దున ఆ ట్రే తన బల్ల మీదికి వచ్చినప్పుడు, ఇవాళైనా సగం నిలబడతాయని ఆశపడింది. సగం కాదుగదా, పట్టుమని పది కూడా నిలబడలేదు.

తల అంటే యంత్రం తల. మందుల డబ్బాల మీద తయారైన తేదీ, గడువు తేదీ అచ్చువేసే యంత్రాలకు ఇంకు చిమ్మే భాగం అది. చూడటానికి అగ్గిపెట్టెంత ఉంటుంది. ఆ కార్ఖానాలో చేసేది అదొక్కటే. కొత్తగా చేరినవాళ్లు "ఇవాళ ఎన్ని తలలు తెగాయి?" అన్న మాట విని మొదటిరోజు ఉలిక్కిపడతారు. వారం తిరక్కుండా వాళ్లే ఆ మాట అంటూ తిరుగుతారు.

తల అడుగున వెంట్రుక కంటే సన్నటి రంధ్రాలున్న రేకు ఉంటుంది. ఒక్కో రంధ్రం వెనక, కంటికి ఆననంత గది. ఆ గదికి ఒక గోడ మాత్రం కరెంటు తగిలితే వంగే పలక. పలక లోపలికి వంగగానే గది నొక్కుకుపోయి, ఒక చుక్క ఇంకు బయటికి దూకుతుంది. కరెంటు పోగానే పలక సర్దుకుని, ఖాళీ అయిన మేరకు వెనకనుంచి ఇంకు లాక్కుంటుంది. రెప్ప వేసి తీసేలోగా ఇదంతా లెక్కలేనన్నిసార్లు జరిగిపోతుంది.

డేగమ్మ పని ఆ చుక్కల్ని చూడటం. తలను బల్లకు బిగించి ఇంకు అందిస్తే, చుక్కల వేగానికి తాళం వేసినట్టు ఒక దీపం వెలిగి ఆరుతూ ఉంటుంది. బల్ల మీది భూతద్దపు గొట్టానికి కన్ను ఆనించి చూసేవాళ్లకు పడుతున్న చుక్కలన్నీ గాల్లో ఆగిపోయి కనబడతాయి. రంధ్రానికొక దారం కట్టి, దారం పొడుగునా నల్లపూసలు గుచ్చినట్టు. ఆ దారాలన్నీ నిలువుగా వేలాడాలి. ఒక్కటి పక్కదాని మీదికి ఒరిగినా అచ్చులో అంకె చెదురుతుంది. మందు డబ్బా మీద గడువు తేదీ చెదిరితే ఏమవుతుందో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అందుకే ఒక్క వంకర కనబడిందంటే చాలు, మిగతా వరస చూడకుండానే ఎర్ర చీటీ వేసెయ్యమని నియమం.

ఆ పనిలో ఆమెను మించినవాళ్లు లేరని పేరు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ డేగమ్మే. చుక్కల్ని తెరమీద చూపించే కెమెరా ఒకటి ఉండేది. అది చెడిపోతే బాగుకు పంపారు. "డేగమ్మ ఉండగా తొందరేముంది?" అని ఇన్‌చార్జి ఆ సంగతే మరిచిపోయాడు.

కొత్తగా వచ్చిన సన్నరకం తలలకు రేకు అంటించే పని చిట్టిది. చిట్టి డేగమ్మకు ఆడపడుచు, భర్తకు ఒక్కగానొక్క చెల్లెలు. వాళ్ల మేడ మీది గదిలోనే ఉంటుంది. పొద్దుటి టీ నుంచి రాత్రి భోజనం దాకా అంతా కిందే. జిగురు ఒక పిసరు ఎక్కువైతే రంధ్రంలోకి పాకుతుంది, తక్కువైతే ఇంకు కారుతుంది. ఆ పిసరు చిట్టి వేళ్లకే తెలుసని ఇన్‌చార్జే అందరితో చెప్పేవాడు. పదిరోజుల కిందటిదాకా.

మొదట ట్రేకి ఒకటో రెండో పోయాయి. చిట్టి నవ్వుతూ వచ్చి, "ఏం వదినా, అన్నయ్యతో పోట్లాడి నా తలలు నరుకుతున్నావా?" అంది. డేగమ్మా నవ్వింది. తర్వాత సగం పోసాగాయి. అప్పుడు చిట్టి నవ్వడం మానేసింది. రోజూ జిగురు సీసా మార్చి చూసింది. సూది మార్చింది. గోళ్లు మొదలంటా కత్తిరించుకుంది. ఎన్ని చేసినా డేగమ్మ కన్ను గొట్టానికి ఆనేసరికి ఎక్కడో ఒక దారం ఎడమవైపుకి వాలిపోయి ఉండేది.

మధ్యాహ్నం ఇన్‌చార్జి వచ్చి ట్రే వంక చూశాడు. మనిషి చెడ్డవాడు కాదు. కోపం వచ్చినా గొంతు పెంచడు. జనం భయపడేది దానికే.

"మొత్తం పోయాయా?"

"దాదాపు మొత్తం, సార్."

"నువ్వు సరిగ్గానే చూశావా అని నేనడగను. నిన్ను అడగక్కర్లేదు" అని, అంటింపు బల్లవైపు తిరిగాడు. "చిట్టీ, ఒకసారి ఇలా వచ్చి నిలబడమ్మా."

చిట్టి లేచి వచ్చింది. అందరికీ తెల్లగౌను, టోపీ, మూతికి గుడ్డ. బయట కనబడేవి కళ్లే.

"చేతులు ముందుకి చాపు."

"ఎందుకు సార్?"

"చాపమ్మా, చెబుతా."

చిట్టి చేతులు చాపింది. ఇన్‌చార్జి గాజుపలకలు తుడిచే పల్చటి కాగితం ఒకటి లాగి ఆ వేళ్ల మీద పరిచాడు. గదిలో పనులు ఆగిపోయాయి. గాలి తోలే మర చప్పుడు ఒక్కటే వినబడుతోంది. కాగితం అంచు కాసేపు కదల్లేదు. తర్వాత కదిలింది. కదలగానే చిట్టి దాని వంకే చూస్తూ ఊపిరి బిగబట్టింది. అంతే, కాగితం మొత్తం రెపరెపలాడింది.

"చూశారుగా" అన్నాడు ఇన్‌చార్జి, ఎవరితోనని లేకుండా.

ఇంతమంది చూస్తుండగా ఎవరి చేతుల మీద పెట్టినా ఆ కాగితం అలాగే వణుకుతుంది అనుకుంది డేగమ్మ. అనుకుంది, అంతే. మూతిగుడ్డ వెనక పెదవులు విడిపడినట్టే ఉంది గాని, మాట మాత్రం బయటికి రాలేదు. ఆడపడుచును వెనకేసుకొస్తోందని అంటారేమోనని ఒక పక్క, తను వేసిన చీటీలకు తనే అడ్డు ఎలా చెబుతుందని ఇంకో పక్క.

"రేపట్నుంచి నువ్వు రావద్దులే. చేతులకి విశ్రాంతి కావాలి. కబురు చేస్తాను" అన్నాడు ఇన్‌చార్జి. చిట్టి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అతని చేతికే ఇచ్చి, గౌను విప్పుకునే గదిలోకి వెళ్లిపోయింది.

*

ఆ సాయంత్రం చిట్టి టీకి కూడా దిగలేదు. డేగమ్మ భర్త పార్సిళ్ల వ్యాను నడుపుతాడు. ఇంటికి రాగానే సంగతి విని మెట్లకేసి ఒకసారి, పెళ్లాంకేసి ఒకసారి చూశాడు.

"అది చేతకాని పిల్లేం కాదే" అన్నాడు.

"నేనన్నానా?"

"నువ్వనలేదు. నీ చీటీలన్నాయి."

"వంకరగా ఉన్నదాన్ని తిన్నగా ఉందని రాయమంటారా? అవి మందుల డబ్బాలకెళ్లే తలలు."

"నేనేం రాయమన్లేదు తల్లీ. మీ ఇద్దరి మధ్యా పడి నలిగేది నేనే, ఆ మాట గుర్తుపెట్టుకో" అని కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి లేచాడు.

కాసేపటికి చిట్టే దిగివచ్చింది. ఎవరూ పిలవకముందే టీ గిన్నె అందుకుని గ్లాసుల్లోకి వంచింది. రెండో గ్లాసు దగ్గర టీ బల్ల మీద ఒలికిపోయింది. గిన్నె కింద పెట్టి, కుడిచేతి మణికట్టును ఎడంచేత్తో పట్టుకుని, పరాయివాళ్ల చేతిని చూసినట్టు చూసింది.

"కాగితం నిజమే చెప్పింది అన్నయ్యా."

"టీ ఒలకని కొంప ఎక్కడైనా ఉందా? ఊరుకో" అన్నాడతను.

చిట్టి వదినవైపు తిరిగింది. "నిజం చెప్పు వదినా, నేనేమీ అనుకోను. నా చేతి వణుకు నీకెప్పట్నుంచి కనబడుతోంది? నాకు తెలియకుండానే వణుకుతోందా? పొద్దున జడ వేసుకుంటుంటే పాయలు జారిపోయాయి. అదీ దానివల్లేనా?"

"వణుకు నేను చూడలేదు చిట్టీ. చుక్క వంకరగా పడుతోంది. నేను చూసింది అదొక్కటే."

"రెండూ ఒకటే కదా మరి."

డేగమ్మ బల్ల తుడవడానికి గుడ్డ తెచ్చింది. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ ఉండిపోయింది. చిట్టి ఇంట్లో ఉన్నంతసేపూ చేతులు చంకల్లో దోపుకునే కూర్చుంది. కంచం తీసి పెట్టమంటే, "నువ్వే తియ్యి, నా చేతిలో పగిలితే మళ్లీ అదొకటి" అంది. తమాషాకి అన్నట్టే అంది గాని, ఆ రాత్రి గాజుగ్లాసు ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

*

మర్నాడు డేగమ్మ అందరికంటే ముందు లోపలికి వెళ్లింది. నిన్నటి ఎర్రచీటీల ట్రే ఇంకా బల్ల మీదే ఉంది. పొద్దెక్కాక దాన్ని తొట్టి దగ్గరికి పట్టుకుపోతారు. తొట్టిలోని మందునీళ్లలో వేస్తే జిగురు కరిగి రేకు ఊడివస్తుంది. ఊడివచ్చాక అది ఎవరు ఎలా అంటించిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ఆమెకు తోచింది చిన్న ఉపాయం. వంకర ఒక్క రంధ్రం దగ్గరే ఉంటే, తప్పు రేకుదో పలకదో కావచ్చు, చిట్టి జిగురుది కాకపోవచ్చు. ఆ మాట పట్టుకుని ఇన్‌చార్జితో మాట్లాడొచ్చు. అందుకని ఈసారి మొదటి వంకర కనబడ్డాక ఆగిపోకుండా, వరసంతా చూడాలనుకుంది.

ఒక తల బిగించి దీపం వేసింది. గొట్టానికి కుడికన్ను ఆనించింది. చుక్కల దారాలు వేలాడుతున్నాయి. నడుమ ఒకటి, ఎప్పటిలాగే, నడుం విరిగినట్టు ఎడమకి ఒరిగింది. మర తిప్పి వరసను పక్కకి జరిపింది. ఒరిగిన దారం కూడా పక్కకి జరిగిపోవాలి. జరిగింది. కాని జరుగుతూ జరుగుతూనే తిన్నగా అయిపోయింది. దాని చోటికి వచ్చిన కొత్త దారం ఇప్పుడు ఒరిగింది.

ఇంకాస్త జరిపింది. అప్పటిదాకా నిలువుగా ఉన్న దారం నడుమకి రాగానే వంగింది.

డేగమ్మ గొట్టాన్ని విప్పి అద్దం తుడిచింది. మళ్లీ చూసింది. అదే వంకర. అద్దాన్ని సగం తిప్పి బిగించింది. అద్దంలో మచ్చే అయితే వంకర కూడా తిరగాలి. తిరగలేదు. ఎడమకే ఉంది.

కళ్లు మూసుకుని కూర్చుంది. ఇక చేసి చూడవలసింది ఒక్కటే మిగిలిందని తెలుసు. దాన్ని చెయ్యబుద్ధి కాలేదు. చివరికి కుర్చీ కాస్త జరుపుకుని, అలవాటు లేని ఎడమకన్ను తెచ్చి గొట్టానికి ఆనించింది.

దారాలన్నీ నిలువుగా ఉన్నాయి. ఈ కొస నుంచి ఆ కొస దాకా మర తిప్పింది. గీత గీసినట్టు, ఒక్కటంటే ఒక్కటి చెదరలేదు. అంత చక్కటి తల ఆ బల్ల మీదికి వచ్చి ఎన్నాళ్లయిందో.

ఆమె తలెత్తి ఎదుటి తలుపు చట్రాన్ని చూసింది. ఎడమకన్ను మూసింది. చట్రం నడిమిభాగం నీళ్లలో కర్రలాగా వంగింది. ఆ వంపు దగ్గర రంగు కూడా వెలిసినట్టు మసకగా ఉంది. రెండు కళ్లూ తెరిస్తే మామూలే. ఇన్నాళ్లూ ఇంట్లో, వీధిలో, బస్సులో రెండు కళ్లతో చూసింది కాబట్టి తెలియలేదు. ఒంటికంటితో చూసేది ఈ గొట్టంలోనే.

తలుపు తెరుచుకుని ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. డేగమ్మ చప్పున గొట్టం మీదికి వంగింది.

చిట్టి బల్ల దగ్గర ఆవేళ ఒక పొడుగాటి మనిషిని కూర్చోబెట్టారు. వెడల్పురకం తలలకు రేకులు అంటించేవాడు. సన్నరకం అతనికి కొత్త. అతని మొదటి ట్రే రాగానే డేగమ్మ ఒక తల తీసి బిగించింది. కాస్త ఆగుదాం అనుకుంది. ఇవాళ్టికి ఎడమకంటితో పని గడిపేసి, సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏమిటో తెలుసుకుని అప్పుడు చెప్పొచ్చు. కన్ను పోయిందంటే తనకిక్కడ ఇంకేం పని? డేగ కన్ను పోతే డేగని ఎవరుంచుకుంటారు? ఒక్క పూట. ఒక్క పూట ఆగితే కొంప మునిగిపోదు.

ఎడమకంటితో ఒక్కొక్క తలా చూసింది. ఒకటి నిజంగానే వంకర. దానికి చీటీ వేసింది. తక్కినవన్నీ నిలువు.

ట్రే తీసుకుపోవడానికి ఇన్‌చార్జి స్వయంగా వచ్చాడు. ఒక్కటే ఎర్రచీటీ చూసి, అతని భుజాలు పైకి లేచినట్టయ్యాయి.

"చూశావా డేగమ్మా! చెయ్యి మారేసరికి ఎలా ఉందో!" అన్నాడు. అందరికీ వినబడాలని అన్నాడు. "సొంత ఆడపడుచైనా సరే మొహమాటపడకుండా చీటీ వేశావు. రేపు ఎవరడిగినా నీ పేరే చెబుతాను."

అంటింపు బల్లల దగ్గర ఎవరో అన్నారు, "పాపం, చేతులు పడిపోయాయట కదా చిట్టికి." ఇంకెవరో నాలుక చప్పరించారు. పొడుగాటి మనిషి ఇబ్బందిగా నవ్వి మళ్లీ సూది అందుకున్నాడు.

తను నోరు మూసుకుంటే చిట్టి సంగతి ఉన్నచోటే ఉంటుందనుకుంది డేగమ్మ. ఉండలేదు. ఈ పూట తను ఎడమకంటితో తిన్నగా చూసిన ప్రతి తలా చిట్టి మీద సాక్ష్యం చెబుతోంది.

తొట్టిమనిషి వచ్చి నిన్నటి ట్రే ఎత్తుకున్నాడు.

"దింపు" అంది డేగమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "దాన్ని కింద పెట్టు. సార్, అవి ఊడదీయొద్దు. అవి బాగున్నాయి."

ఇన్‌చార్జి వెనక్కి తిరిగాడు. "ఏవి?"

"నిన్న నేను కొట్టేసినవి. చిట్టివి. వంకర వాటిలో లేదు. నా కుడికంట్లో ఉంది."

అతను దగ్గరికి వచ్చి, గొంతు ఇంకా తగ్గించాడు. "చూడు, ఇంట్లో ఒత్తిడి ఉంటుంది, నాకు తెలుసు. మీ ఆయన ఏదో అని ఉంటాడు. అంతమాత్రాన కన్ను పోయిందని చెప్పుకుంటావా? మీ ఆడపడుచు కోసం నీ అన్నం నువ్వు పారబోసుకుంటావా?"

"నేను ఇంటికోసం చెప్పట్లేదు సార్."

"నిన్నటిదాకా కనబడని వంకర ఇవాళ నీ కంట్లోకి ఎలా వచ్చింది?"

ఇన్నేళ్లుగా ఆమె నోటంట వచ్చిన ప్రతి మాటా నమ్మినవాడు, ఈ ఒక్కమాటా నమ్మనంటున్నాడు. డేగమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆమె లేచి కుర్చీ ఖాళీ చేసింది.

"నా మాట వద్దు. కళ్లజోడాయన్ని పిలవండి."

కళ్లజోడాయన అంటే వెడల్పురకం తలలు చూసే రెండో పరీక్షకుడు. సీసా అడుగులంత అద్దాలు పెట్టుకుంటాడని, నాలుగు కళ్లున్నా డేగమ్మ ఒంటికన్నుకి చాలడని అతన్ని ఎప్పుడూ ఆటపట్టిస్తారు. అతను బెదురుగా వచ్చి కూర్చుని, అద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. డేగమ్మే తల బిగించి, దీపం వేసి ఇచ్చింది. అతను మర తిప్పుకుంటూ ఆ కొస దాకా వెళ్లి మళ్లీ ఈ కొసకి వచ్చాడు.

"నిలువుగానే ఉన్నాయి" అన్నాడు చివరికి, తప్పు చేసినవాడిలా.

"ఇంకోటి పెట్టు" అన్నాడు ఇన్‌చార్జి.

ఇంకోటి పెట్టారు. ఇంకోటి. ఇన్‌చార్జి తనే కూర్చుని చూశాడు. ట్రే సగమయ్యేసరికి గదిలో ఎవరూ ఎవరి వంకా చూడటం లేదు. అతను కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు.

"మరి నువ్వు బాగున్నాయని పంపించినవి? తిన్నగా ఉన్నది వంకరగా కనబడితే, వంకరగా ఉన్నది తిన్నగా కూడా కనబడొచ్చు కదా?"

అంతదూరం డేగమ్మ ఆలోచించలేదు. పక్కనున్న ఖాళీ డబ్బా మీద కూలబడింది. "కనబడొచ్చు సార్. గోదాంలో ఉన్నవన్నీ మళ్లీ చూడాలి. బయటికి వెళ్లినవీ ఆపించాలి."

ఇన్‌చార్జి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. పళ్లు కొరుకుతాడనుకుంది. కొరకలేదు. లేచి ఫోను దగ్గరికి నడిచాడు. నడుస్తూ, "కెమెరా ఎక్కడ చచ్చింది? దాన్ని బాగుచేయించి తెమ్మని ఎవరితోనైనా చెప్పానా నేను?" అని తనలో తను గొణుక్కున్నాడు.

*

చిట్టి డాబా మీద బట్టలు తీస్తోంది. ఎండ తగ్గింది. డేగమ్మ మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరకముందే మొత్తం చెప్పేసింది. వంకర ఎలా కదిలిందో, పొడుగాయన ట్రే సంగతేమిటో, తను ఒక పూట ఎందుకు నోరు మూసుకుందో, ఏదీ దాచలేదు.

చిట్టి దుప్పటిని గుండెలకి హత్తుకుని వింది. విన్నాక తన చేతుల్ని ముందుకు తెచ్చి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"అయితే ఇవి బాగానే ఉన్నాయన్నమాట."

"బాగానే ఉన్నాయి. నా కన్నే పాడు. నన్ను క్షమించు చిట్టీ, నాకు తెలియలేదు."

"కన్నుకి నువ్వేం చేస్తావు వదినా? కన్ను సంగతి నేనడగట్లేదు." చిట్టి దుప్పటిని మళ్లీ దగ్గరికి లాక్కుంది. "చేతులు చాపమన్నప్పుడు నువ్వు రెండడుగుల దూరంలో ఉన్నావు. అప్పటికి నీ కన్ను మంచిదనే నీ నమ్మకం, సరే. నేను పనికి తప్పినదాన్నే అనుకుందాం. అయినా, ఆ కాగితం తీసెయ్యండి సార్ అని ఒక్కమాట అనకూడదా? దొంగని కూడా అంతమందిలో అలా నిలబెట్టరు. నేను నీ కళ్లే చూస్తున్నాను. నాకు కనబడింది ఆ కళ్లు రెండే కదా."

డేగమ్మ దారి పొడుగునా కన్ను గురించి చెప్పుకోవలసిన సంజాయిషీ కూడబలుక్కుంటూ వచ్చింది. అడుగుతున్నది వేరొకటి.

"అనాల్సింది" అంది.

"అనాల్సింది" అంది చిట్టి కూడా. దుప్పటి కొస ఒకటి వదిన చేతికి ఇవ్వకుండా, ఒక్కతే తంటాలుపడి మడతపెట్టుకుంది.

*

పొద్దున్నే డేగమ్మ తలుపు తీసేసరికి చిట్టి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"డాక్టరు కంట్లో మందేస్తే దారి కనబడదట. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి కదా."

"కోపం తగ్గిందా?"

"తగ్గలేదు. పద."

కంటి డాక్టరమ్మ ఒక అట్ట ఇచ్చింది. దాని నిండా అడ్డగీతలు, నిలువుగీతలు, నడుమ ఒక చుక్క. ఎడమకన్ను మూసి చుక్కనే చూడమంది.

"గీతలు ఎలా ఉన్నాయమ్మా?"

"నడుమ గుంటలోకి జారుతున్నట్టున్నాయి. ఎడమపక్కకి."

చిట్టి ఆ అట్టను తీసుకుని తనూ చూసింది. చాలాసేపు చూసింది. చీర అంచులా తిన్నగా ఉన్న గీతల్ని, వదిన చెప్పిన గుంట కోసం వెతుకుతున్నట్టు చూసింది. తర్వాత తిరిగి ఇచ్చేసింది.

చూపుపొర కింద నీరు చేరిందని డాక్టరమ్మ చెప్పింది. కొందరికి దానంతటదే ఇంకిపోతుంది, నెలలు పట్టొచ్చు. ఇంకకపోతే వైద్యం ఉంది. చూపు మునుపటంత సూక్ష్మంగా వస్తుందా అంటే ఇప్పుడే మాట ఇవ్వలేనంది. "నిద్ర పడుతోందా? మనసులో దిగులేమైనా పెట్టుకున్నారా?"

"దిగులా అండీ? ఈవిడ అన్నంలో కూర బదులు దిగులే కలుపుకుంటుంది" అంది చిట్టి.

డాక్టరమ్మ నవ్వింది. డేగమ్మకీ నవ్వొచ్చింది. మందు వేసిన కళ్లలోంచి నీళ్లు కారుతుంటే, అవి మందు నీళ్లో మామూలు నీళ్లో ఎవరూ అడగలేదు. వీధిలోకి వచ్చాక వెలుతురు సూదుల్లా గుచ్చింది. చిట్టి ఆమె మోచెయ్యి పట్టుకుని, "గుంట... మెట్టు... ఇంకో మెట్టు..." అని చెబుతూ నడిపించింది. బస్సు ఎక్కించేటప్పుడు మాత్రం, "ఇక్కడ జారితే నన్నే అంటారు, గట్టిగా పట్టుకో" అని కసిరింది.

*

తర్వాతి వారం చిట్టి తిరిగి పనిలోకి వచ్చింది. ఇన్‌చార్జి ఇంటికి పంపిన కబురు "రమ్మను" అన్న ఒక్క ముక్కే. పొద్దున్న అందరూ గౌన్లు తొడుక్కుని బల్లల దగ్గరికి వెళ్లబోతుంటే, డేగమ్మ గది నడుమ ఆగిపోయింది. ఆమెకు ఇప్పుడు తొట్టి దగ్గర పని. ఊడదీసిన రేకులు కడిగి ఆరబెట్టడం. కన్ను సంగతి తేలేదాకా అక్కడే.

"ఒక్క నిమిషం ఆగండి" అంది. మూతిగుడ్డ కిందికి లాగింది. లోపల అలా లాగకూడదు. ఎవరూ వద్దనలేదు. "ఆవేళ చిట్టి చేతుల మీద కాగితం పెట్టినప్పుడు మనమందరం చూస్తూ ఊరుకున్నాం. అందరికంటే ముందు నేను ఊరుకున్నాను. తప్పు నా కంటిది. కాని నా కన్ను మంచిదైనా సరే, అది చెయ్యాల్సిన పని కాదు. ఆ మాట ఆవేళే అనాల్సింది. ఇప్పుడంటున్నాను."

ఎవరో దగ్గారు. ఇన్‌చార్జి తన బూట్ల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. కాసేపటికి, "సరే. పొరపాటు నాది కూడా" అన్నాడు. ఎవరి మొహంలోకీ చూడకుండా అన్నాడు గాని, అందరికీ వినబడేలాగే అన్నాడు. చిట్టి అప్పటికే తన బల్ల దగ్గర సూది వెలుతురుకి ఎత్తి చూసుకుంటోంది. విన్నదో లేదో తెలియనివ్వలేదు.

ఆవేళంతా డేగమ్మకు చేతులు తొట్టిలోనూ ప్రాణం అంటింపు బల్ల దగ్గరా ఉన్నాయి. కెమెరా వచ్చింది. కళ్లజోడాయన ముందు తెరమీద చుక్కలు పెద్దవై నిలబడుతున్నాయి. అతను ఒక్కో తల చూసి పక్కన పెడుతుంటే, చప్పుడుని బట్టి ఈమె లెక్క వేసుకుంటోంది. ఒకటి బాగుంది. ఇంకోటీ బాగుంది. మధ్యాహ్నం కాబోతుండగా అతని చెయ్యి ఆగింది. ఎర్రచీటీల చుట్ట వైపు కదిలి, మళ్లీ వెనక్కి వచ్చింది. చిట్టి వంక, డేగమ్మ వంక చూశాడు. ఇన్‌చార్జి అటు రాబోయి, వచ్చే దారిలోనే నిలబడిపోయాడు. ఎవరికీ ఆ చీటీ తెంపే ధైర్యం లేదు.

చిట్టి తనే లేచి వచ్చింది. తెరమీదికి వంగి చూసింది.

"చివర్నించి రెండోది" అంది. "ఎంత వాలిపోయిందో చూడండి. జిగురు లోపలికి పాకింది. ఆ మూల అంటించేటప్పుడు తుమ్మొచ్చి ఆగాను, అప్పుడే అనుకున్నా." చెయ్యి చాపి చీటీ తనే తెంపి, తల మీద నొక్కి అంటించింది. "నాదే సార్ ఇది. పోయింది."

ఇన్‌చార్జి తలూపి వెళ్లిపోయాడు.

చిట్టి ఆ తలను అరచేతిలో పెట్టుకుని గది అడ్డంగా నడిచి తొట్టి దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్లుగా ఇంట్లో ఇద్దరి మధ్యా మాటలు నడుస్తున్నా, అన్నీ ఉప్పు, పప్పు మాటలే. పని గురించి ఒక్కటీ లేదు.

"వదినా, ఇదిగో. ఇది నిజంగా వంకర."

"ఎటువైపుకి?"

"కుడికి."

"ఎంత?"

"పక్కదాన్ని తాకేంత. అబ్బ, అంత ఘోరంగా నేనెప్పుడూ అంటించలేదు" అంది చిట్టి. మూతిగుడ్డ పైన ఆమె కళ్లు నవ్వుతున్నాయి. తన తప్పు తనకి తిరిగి దొరికినందుకు ఆ కళ్లలో అంత తేట వస్తుందని డేగమ్మ అనుకోలేదు.

"ఇలా ఇవ్వు" అని అందుకుని, మందునీళ్లలోకి మెల్లగా జారవిడిచింది.